బెదరిన కుక్కకు తగిన ఇల్లు

మహాభారతంలో కుక్క అనగానే మన విద్యార్థులకు ధర్మరాజు వెంట మహాప్రస్థానానికి నడిచిన కుక్క జ్ఞాపకం వస్తుంది. స్వర్గద్వారం దాకా వెళ్ళిన ఆ శునకానికి దక్కిన కీర్తి, ఆదిపర్వం ఆరంభంలోనే దెబ్బలు తిని ఏడుస్తూ తల్లి దగ్గరకు పరుగెత్తిన కుక్కపిల్లకు దక్కలేదు. జనమేజయుడు సత్రయాగం చేస్తున్నాడు. దేవశుని అయిన సరమ కొడుకు సారమేయుడు ఆ చోటికి వచ్చినాడు. రాజుగారి తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లను కొట్టి తరిమినారు. హవిస్సును నేను నాకలేదు, దానివైపు చూడనైనా లేదు అని అది తల్లితో మొరపెట్టుకొన్నది. సరమ వెళ్ళి అడిగితే వారి వద్ద సమాధానం లేదు. అప్పుడామె పలికిన శాపం గమనింపదగినది. రాజ్యం పోతుందనలేదు, ప్రాణం పోతుందనలేదు. కంటికి కనుపించని భయం వచ్చి మీద పడుతుందన్నది.

నన్నయభట్టు రాజమహేంద్రవరంలో ఈ కథను తెనిగించి వెయ్యేండ్లు కావస్తున్నది. తరగతిలో దీనిని చెప్పినప్పుడల్లా నాకొక సంగతి తోస్తుంది. సరమ కొత్తగా కల్పించి యిచ్చిన శిక్ష కాదది. తన బిడ్డకు ఆ అన్నదమ్ములు ఏమి యిచ్చినారో దానినే తిరిగి యిచ్చింది. కారణం తెలియకుండా దెబ్బ తిన్న ప్రాణికి నొప్పి నాలుగు దినాలలో పోతుంది. ఏ మూల నుంచి మళ్ళీ వస్తుందో తెలియని భయం మాత్రం నిలిచిపోతుంది.

చెన్నపట్టణంలో 1964లో ఏర్పడిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, హైదరాబాదులో 1992లో వెలసిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఇప్పుడు మన ప్రాంతాలలో అనేకం ఉన్నవి. అటువంటి శరణాలయానికి ఎప్పుడైనా వెళ్ళి చూడండి. కటకటాల వద్దకు వచ్చి తోక ఆడించే కుక్కలు పది ఉంటే, వెనుక గోడకు మొగం తిప్పుకొని ముడుచుకొని కూర్చున్నది ఒకటి తప్పక ఉంటుంది. పెంచుకొనడానికి వచ్చినవారు ముందున్న వాటిని ముద్దుచేసి, ఈ వెనుకదాని వైపు ఒక్కసారి జాలిగా చూచి సాగిపోతారు. నెలలు గడుస్తవి. లోపలికి వచ్చే కుక్కలు ఆగవు. బయటికి పోవలసినవి పోవు. అప్పుడు నడిపేవారి మనస్సులో ఒక ఆలోచన పుట్టడం సహజం. దీని బెదురును కాస్త కప్పిపుచ్చి ఎవరికో ఒకరికి అంటగడితే మేలు కదా, వారి ఇంటి ప్రేమతో అదే మారిపోతుంది గదా అని. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నది మన సామెత. పెళ్ళిళ్ళలో ఆ సామెత ఎన్ని కాపురాలు నిలిపిందో, ఎన్ని కూల్చిందో పెద్దలకే తెలియాలి. కుక్కల విషయంలో మాత్రం అది ప్రాణాంతకం.

జరిగేది ఇట్లా ఉంటుంది. "చాలా సాధువండీ, కుక్కిన పేనులా పడి ఉంటుంది" అని చెప్పి పంపుతారు. నిజానికి అది సాధుత్వం కాదు, భయంతో కొయ్యబారిపోవడం. ఇంటికి చేరిన దినమే పిల్లలు కావలించుకొంటారు, ఇరుగుపొరుగులు చూడవస్తారు. పారిపోవడానికి దారి లేని కుక్క రెండవ నాడో మూడవ నాడో పిల్లవాని చేయి పట్టుకొంటుంది; లేదా గోడ దూకి కొత్త ఊళ్ళో దారి తెలియక ఏ లారీ కిందనో పడుతుంది. వారం తిరక్కుండానే శరణాలయానికి మళ్ళీ వచ్చిందంటే, పోయేటప్పుడు లేని బిరుదొకటి దానికి అంటుకొని వస్తుంది: కరిచే కుక్క అని. ఆ మాట పడిన తరువాత దానిని ఎవరు తీసుకొంటారు?

తెలుగులో ఈ విషయానికి పనికివచ్చే మాటలు చాలా చక్కనివి ఉన్నవి. భయం అనే ఒక్క సంస్కృతపదం పట్టుకొని మనం వాటిని వాడడం మరచిపోతున్నాము. కొత్తవారి ముందు పిల్లవానికి కలిగేది బెరుకు. అడుగు ముందుకు వేయడానికి వెనుకాడడం జంకు. ఎద్దు గొడుగును చూచి పక్కకు గుంజినప్పుడు రైతు దానిని బెదురు అంటాడు. ఇక ఆ బెదురు తీరినప్పుడు వచ్చేది ప్రేమ కాదు, మాలిమి. ప్రేమ మన పక్షాన పుట్టేది. మనకు ఈ సాయంకాలమే పుట్టవచ్చును. మాలిమి ఆ జంతువు పక్షాన పుట్టవలసినది. దానికి ఎన్నాళ్ళు పట్టుతుందో నిర్ణయించే అధికారం మనకు లేదు. ప్రేమ ఉంటే చాలునన్న మాట వినడానికి ఇంపుగా ఉన్నా, బెదరిన కుక్కలను తిరుగుటపాలో పంపించేది చాలావరకు ఆ మాటే.

భయానికి మూలం దెబ్బలే అనుకొనడం కూడా పొరపాటు. అమెరికాలో బార్ హార్బరు అనే ఊళ్ళోని జాక్సన్ పరిశోధనాలయంలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం 1961లో వెలువడినది. ఎత్తయిన కంచె వేసిన పొలంలో కుక్కపిల్లలను మనుష్యుల ఊసు లేకుండా తల్లులతో పెంచినారు. కొన్నింటిని రెండవ వారంలో, కొన్నింటిని మూడవ, అయిదవ, ఏడవ, తొమ్మిదవ వారాలలో బయటికి తెచ్చి, వారం దినాలపాటు మనుష్యుల చేతులలో ఆడనిచ్చి మళ్ళీ వదలినారు. కొన్నింటిని పదునాలుగు వారాల దాకా ముట్టనే లేదు. ఆ చివరివాటిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా అవి అడవిజంతువుల వలె మనిషిని చూచి పారిపోయినవి. పసితనపు ఆ కొద్ది వారాలలో తెరచుకొని మూసుకొనే తలుపొకటి ఉన్నదన్న మాట. కాబట్టి శరణాలయంలో వణికే ప్రతి కుక్కకూ వెనుక ఒక క్రూరుడైన యజమానిని ఊహించి కన్నీరు కార్చడం అనవసరం. కొన్ని మనిషినే సరిగా ఎరుగవు. కొన్ని ఎరిగి చెడ్డవి. మరికొన్ని మామూలు ఇంటికుక్కలే. ఆ మొరుగుళ్ళకు, ఫినాయిలు వాసనకు తట్టుకోలేక ముడుచుకొన్నవి. ఈ మూడవ రకం నిశ్శబ్దమైన ఇంటికి పోతే కొద్ది దినాలలోనే తేరుకొంటవి. మొదటి రెండూ అట్లా తేరుకోవు.

ఎరిగి చెడిన భయం ఎట్లా దాగి ఉంటుందో, ఎట్లా తగ్గుతుందో తెలియజెప్పే కథ పావ్‌లోవు ప్రయోగశాలది. 1924 సెప్టెంబరు 23వ తేదీన లెనిన్‌గ్రాడు నగరాన్ని వరద ముంచెత్తింది. కుక్కల గూళ్ళలోకి నీళ్ళు వచ్చినవి. పైకప్పు దాకా తేలి ఈదుతున్న కుక్కలను కిందనున్న తలుపుల గుండా బయటికి తీయడానికి వాటి తలలను ముందు నీటిలో ముంచవలసి వచ్చింది. ప్రాణాలు దక్కినవి. కాని తరువాత కొన్ని కుక్కలు అంతకుముందు చక్కగా నేర్చినదానిని మరచినట్లు అయిపోయినవి. చాలా కాలానికి ఒకటి కోలుకొన్నదనుకొన్నాక, తలుపు కింద నుంచి గదిలోకి ఒక చిన్న నీటిపాయ వదలి చూచినారు. అంతే, పాత భయమంతా తిరగబెట్టింది. అయితే నాకు ఇందులో అంతకన్న విలువైనదిగా తోచిన సంగతి మరొకటి. ఆ కుక్కను ఎరిగిన ప్రయోగకర్త బయట ఉండక, దానితోపాటు గదిలో ఊరక కూర్చుంటే చాలు, పోయిన విద్య తిరిగి వచ్చేది. అతడు లేచిపోతే పోయేది. అతని దుస్తులలో ఒకటి కనబడకుండా గదిలో ఉంచితే కూడా కొంత గుణం కనుపించింది. మందు లేదు, మంత్రం లేదు. ఎరిగిన మనిషి, కనీసం అతని వాసన. శరణాలయంలో పడుకొన్న గోనెపట్టాను ఉతకకుండా కుక్కతోపాటు కొత్త ఇంటికి పంపాలని అనుభవజ్ఞులు చెప్పేదానికి ఇంతకన్న గొప్ప సమర్థన అక్కరలేదు.

ఇక బెదరిన కుక్కలకు తగిన ఇళ్ళు వెదకడం ఎంత ఓపికతో చేయవచ్చునో చూపే ఉదాహరణ ఒకటి మన దేశానికి దూరమైనదైనా చెప్పక తప్పదు. 2007 ఏప్రిలులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మైకేల్ విక్ అనే పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగానికి చెందిన స్థలాన్ని పోలీసులు సోదా చేసినారు. పందెపు కుక్కల స్థావరమది. యాభైకి పైగా పిట్‌బుల్ జాతి కుక్కలు దొరికినవి. కొన్నింటిని అడవిలో బండి ఇరుసులకు గొలుసులతో కట్టి ఉంచినారు. అంతవరకు అటువంటి కేసులలో కుక్కలు సాక్ష్యపు వస్తువులు; కేసు ముగియగానే వాటిని చంపివేయడం వాడుక. జంతుదయకు పేరుపడిన సంఘాలలోనే కొన్ని ఆ మాటే చెప్పినవి. న్యాయస్థానం అందుకు భిన్నంగా ఒక పని చేసింది. రెబెకా హస్ అనే న్యాయశాస్త్రాచార్యురాలిని ఆ కుక్కలకు సంరక్షకురాలిగా నియమించింది. ఏ.ఎస్.పి.సి.ఏ. అనే జంతుహింసా నివారణ సంఘం వారు, మరికొందరు నిపుణులు కలిసి ఒక్కొక్క కుక్కనే విడిగా పరీక్షించినారు.

కోర మీసాల వంటి కథలు విని వెళ్ళినవారికి అక్కడ కనబడినవి కోపిష్ఠి కుక్కలు కావు, నేలకు అంటుకొనిపోయిన కుక్కలు. మనిషి దగ్గరకు వస్తే అట్టువలె పరచుకొని కదలనివి. నలభై ఏడింటికి బ్రతికే అవకాశం లభించింది. వాటిని ఒకే చోటికి తరలించలేదు. ఏ కుక్కకు ఏ విధమైన చోటు తగునో విడదీసి వేర్వేరు సంస్థలకు ఇచ్చినారు. చాలా కష్టమైనవి అనుకొన్న ఇరవై రెండింటిని 2008 జనవరిలో యూటా రాష్ట్రంలోని కనాబ్ అనే ఊరికి, బెస్ట్ ఫ్రెండ్స్ అనే సంస్థకు పంపినారు. కొన్నింటిని ఇళ్ళకు ఇవ్వరాదని, జీవితాంతం అక్కడనే ఉంచవలెనని న్యాయస్థానమే నిర్ణయించింది. ఇవ్వదగినవి కూడా నడవడి పరీక్షలో నెగ్గిన తరువాతనే ఇంటికి పోవాలి. వాటి పోషణకై విక్ దాదాపు తొమ్మిది లక్షల ఇరవై ఎనిమిది వేల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. జాస్మిన్, అనగా మల్లె, అనే పేరుగల కుక్క బొమ్మ 2008 డిసెంబరులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖపత్రంపై వచ్చింది. పందెగాళ్ళ చెర నుంచి బయటపడి నెలలు గడిచినా ఆ మల్లె తన బోనులో మూలకే ఒదిగి పడుకొనేదట. జానీ అనే మరొకటి గ్రంథాలయంలో పిల్లల పక్కన కూర్చుని, చదవడానికి బెదిరే పిల్లలు పైకి చదువుతూ ఉంటే వినేది, 2014లో ఏ.ఎస్.పి.సి.ఏ. వారి బహుమానం పొందింది. ఒకే చెరలోంచి వచ్చిన రెండింటికి గమ్యాలు ఇంత వేరు. ఆ కుక్కలలో ఫ్రోడో అనేది 2021 డిసెంబరులో, ముసలిదై, ఇంట్లో కన్నుమూసింది.

ఆ సంఘమే తరువాత అత్యంత భయగ్రస్తమైన కుక్కలకై ఒక ప్రత్యేక చికిత్సాలయం నడపసాగింది. 2013లో ప్రయోగంగా మొదలై, 2018లో నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని వీవర్‌విల్ అనే ఊళ్ళో స్థిరపడినది. అక్కడ 441 కుక్కలకు చేసిన చికిత్స ఫలితాలు 2022లో ప్రకటింపబడినవి. నూటికి 86 కోలుకొన్నవి. సగటున పట్టిన కాలం ఇంచుమించు మూడు నెలలు. అందులో మనుష్యులతో సమానంగా పనిచేసినవి మాలిమి అయిన తోడుకుక్కలు. మనిషి చేతిని నమ్మని కుక్క, ఆ చేతి నుంచి తింటున్న మరో కుక్కను నమ్ముతుంది.

అన్నిచోట్ల అటువంటి చికిత్సాలయాలు ఉండవు. ఏ శరణాలయమైనా చేయగలిగినది, ఖర్చు లేనిది ఒకటి ఉన్నది: ఉన్నది ఉన్నట్లు వ్రాయడం. ఉపాధ్యాయులకు ఈ కష్టం తెలియనిది కాదు. బడి విడిచే పిల్లవానికి మనం ఇచ్చే సర్టిఫికెట్టులో నడవడి అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో తృప్తికరమన్న మాట తప్ప మరొకటి పడగా ఈ పాతికేండ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. కిటికీ అద్దాలు పగులగొట్టినవాడికీ అదే, కిక్కురుమననివాడికీ అదే. కుక్క చీటీ అట్లా ఉండరాదు. మంచి కుక్క, కాస్త సిగ్గరి, ప్రేమ కావాలి అని వ్రాస్తే ఏమి తెలిసింది? ఇట్లా వ్రాయాలి: మూడేండ్ల ఆడకుక్క. ఆడవారి చేతి నుంచి మూడవ వారంలో అన్నం తిన్నది. మగవారి చేతి నుంచి ఇంకా తినలేదు. చీపురు ఎత్తితే ఉచ్చ పోసుకొంటుంది. పక్కన మరో కుక్క ఉంటే నడుస్తుంది, ఒంటరిగా నడవదు. అయిదడుగుల గోడ ఒకసారి దూకింది. ఎవరినీ కరవలేదు గాని, మూలకు నెట్టితే గుర్రుమంటుంది. దీనిని చదివి పదిమందిలో తొమ్మిదిమంది వెనుకకు పోతారు. పోనిండు. ఈ చీటీ ఆ పదవవానికోసమే వ్రాసినది.

సరమ శాపం తరువాతి కథలో దీనికి పోలికైన ఘట్టం ఉండనే ఉన్నది. శాపశాంతికై తగిన పురోహితుని వెదకుతూ జనమేజయుడు శ్రుతశ్రవుని ఆశ్రమానికి పోయి, అతని కుమారుడు సోమశ్రవసుని ఇమ్మని అడుగుతాడు. సంస్కృత మూలంలో ఆ తండ్రి కొడుకు తపస్సును పొగడి ఊరుకోడు. వీనికొక రహస్య వ్రతమున్నది, ఏ బ్రాహ్మణుడు ఏది అడిగినా ఇచ్చివేస్తాడు, దానికి నీవు ఓర్చుకోగలిగితే తీసుకొనిపో అంటాడు. రాజు సరేనంటాడు, ఇంటికి పోయి తమ్ములకు కూడా ఆ సంగతి చెప్పి ఒప్పిస్తాడు. అప్పగించేవాడు దాచలేదు, తీసుకొన్నవాడు ఇంటివారికి దాచలేదు.

ఆ పదవవాడు ఎవరు? అనుభవం అంటే ఎన్నేండ్లుగా కుక్కలను పెంచుతున్నారన్న లెక్క కాదు. అరడజను సీమకుక్కలను గొలుసులు వేసి కాపలాకు ఉంచుకొన్న మనిషికి ఈ పని చేతకాకపోవచ్చును. ఏమీ తిరిగి ఇవ్వని ప్రాణితో ఒక ఏడాది గడిపి విసుగు చెందనివాడు కావాలి. పసిపిల్లలు లేని ఇల్లయితే మేలు. రోజంతా ఎవరో ఒకరు ఉండే ఇల్లు, ఎత్తయిన ప్రహరీ, వీలయితే ముందే ఒక నెమ్మదైన కుక్క. పళ్ళు కనుపించక ముందే దాని ఒంటి భాష చదవగలగాలి. కడుపు కిందికి పోయిన తోక అందరికీ తెలుసు. నిద్ర రాకుండానే ఆవులింత, అన్నం లేకుండానే మూతి నాకుకొనడం, మొగం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు చూపడం, ఒక్కసారిగా కదలిక మానడం ఇవి తెలిసినవారు తక్కువ. గుర్రుమన్నందుకు కొట్టేవారు మరీ అపాయకరం. ఆ చప్పుడు మనకిచ్చే హెచ్చరిక. దానిని కొట్టి మాన్పిస్తే కుక్క ఇకమీదట చెప్పకుండా కరవడం నేర్చుకొంటుంది.

తెచ్చిన దినమే తలంటు పోయడం మన ఇళ్ళలో ఆచారం. మనిషి చేయి తగిలితే వణికే జంతువును నీళ్ళగదిలో పెట్టి సబ్బు రుద్దితే, ఆ ఒక్క గంట పోగొట్టినది తిరిగి సంపాదించడానికి నెల పడుతుంది. దుమ్ముగానే ఉండనిండు. ఇల్లంతా చూపవద్దు, ఒక గది, ఒక మూల, అందులో పైన మూసిన పెట్టెవంటిది ఒకటి చాలు. తీసుకొనివచ్చేటప్పుడు మెడపట్టీకి ఒకటి, ఛాతీపట్టీకి ఒకటి రెండు తాళ్ళు ఉండాలి. వీధితలుపు తెరిచే ముందు లోపలి తలుపు మూయాలి. దానికి ఎదురుగా కాక పక్కకు తిరిగి నేలమీద కూర్చుని, ఏ పత్రికో చదువుకొంటూ, చూడనట్లే నాలుగు మెతుకులు దూరంగా విసరుతూ ఉంటే, ఏదో ఒక నాటికి అది వచ్చి మోచేయి వాసన చూస్తుంది. అప్పుడు చేయి చాచకుండా ఉండడమే అన్నింటికన్న కష్టమని పెంచినవారు చెబుతారు. మూడు దినాలు దిగ్భ్రమ, మూడు వారాలకు దినచర్య, మూడు నెలలకు ఇల్లు అని శరణాలయాలవారు చెప్పుకొనే లెక్క మామూలు కుక్కకు. బెదరినదానికి అది ఎన్నో రెట్లు కావచ్చును. తిండి మానినా, నెలలు గడిచినా మార్పు లేకపోయినా పశువైద్యులను అడగాలి. భయం తగ్గించే మందులు ఉన్నవి, వాటిని వాడడంలో నామోషీ లేదు. టీకా సంగతి చెప్పనక్కరలేదు. ఎంత తెలిసిన కుక్క కరచినా పదిహేను నిముషాలు సబ్బునీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవలసినదే.

ప్రతి బెదురుకుక్కనూ ఇంటిలోకి తేవడమే ఉపకారమని నేననను. వీధిలో పుట్టి, మనిషికి బారెడు దూరంలో బ్రతకడం మరగిన పెద్ద కుక్కకు నాలుగు గోడలే భయహేతువు కావచ్చును. 2001లోను, వాటి స్థానంలో 2023లోను వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలమన్నవి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయాలు, రైలు స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను మాత్రం తరలించి, తిరిగి అక్కడ వదలక శరణాలయాలలో ఉంచమని ఆదేశించింది. బడి వరండాలో మధ్యాహ్న భోజనం మెతుకులకు మరగిన కుక్క అట్లా కటకటాల వెనుకకు పోతే అక్కడ దానిని ఎరిగినవారు ఎవరూ ఉండరు. అది ఎవరిని నమ్మేదో, ఏ చప్పుడుకు ఉలికిపడేదో తెలిసినది ఆ బడి పంతులుగారికి, అయిదవ తరగతి పిల్లలకు. బండి ఎక్కించే ముందు ఆ నాలుగు ముక్కలు కాగితం మీద వ్రాసి ఇవ్వగలవారు వారే.

ఇళ్ళు వెదికే శరణాలయాలవారికి మరొక మాట. దీపావళికి ముందు నెలలో ఇటువంటి కుక్కను ఏ ఇంటికీ పంపవద్దు. ఎంత మంచి ఇల్లు దొరికినా ఆపండి. కార్తీకం సగం గడిచి, పిల్లలు దాచుకొన్న చివరి టపాకాయలు కూడా కాల్చివేసిన తరువాత పంపండి. ఈలోగా తీసుకోదలచినవారు వారానికి రెండుసార్లు వచ్చి, కటకటాల ఇవతల కాసేపు కూర్చుని పోవచ్చును. ఒక్కరే రావాలి, గొడుగు బయటనే ఉంచి రావాలి.